తెగని నూలుకు సున్నా

చేతులతో నేర్చుకున్న చదువే అసలు చదువు అని ఎవరైనా సభల్లో అంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మాట తప్పని కాదు. ఆ మాటను నేను అందరికంటే ఎక్కువ నమ్మాను కాబట్టి. నమ్మించినవాళ్ళే నా చేతుల్ని చూసి, ఇవి కావు, వేరే రకం చేతులు పట్టుకురా అన్నారు కాబట్టి.

మాది అల్లూరుకు తూర్పున, బకింగ్‌హాం కాలువ దాటాక, సముద్రాన్ని ఆనుకుని ఉన్న చేపలవాళ్ళ పాలెం. యాభయ్యవ దశకం చివర్లో మా పాలేనికి బేసిక్ స్కూలు వచ్చింది. అంతకు ముందు ఉన్న బడల్లా ఒక తాటాకు పాక, ఒక బెత్తం, వారంలో రెండు రోజులు కనిపించే ఒక పంతులు. బేసిక్ స్కూలు అలాంటిది కాదన్నారు. అందులో దెబ్బలుండవు, బట్టీ ఉండదు. పిల్లలు ఏదో ఒక చేతిపని చేస్తారు. ఆ పనిలోంచే లెక్కలు, భూగోళం, చరిత్ర, సైన్సు అన్నీ పుట్టుకొస్తాయి. ఇంట్లో పని, బడిలో చదువు అని రెండు వేరు వేరు గదులు ఉండవు. చదువుకున్నవాడికి పని చేతకాకపోవడం, పని చేసేవాడికి చదువు అందకపోవడం అనే పాపం దేశంలోనే లేకుండా పోతుంది. కొత్తగా వచ్చిన అయ్యవారు మా నాయనలను ఇసుకలో కూర్చోబెట్టుకుని చెప్పిన మాటలివి. మా వాళ్ళు బీడీలు ఆర్పేసి మరీ విన్నారు.

ఆయన మంచి మనిషి. ఆ సంగతి ముందే చెప్పాలి, లేకపోతే నా కోపం ఎవరికీ అర్థం కాదు. తెల్లారగానే మాతో కలిసి చీపురు పట్టి బడి ఊడ్చేవారు. మా ముక్కులు తుడిచేవారు. గోళ్ళు తీసేవారు. మా దగ్గర చేపల వాసన వస్తుందని అల్లూరు సంతలో కోమట్లు, కాపులు అందరూ దూరం జరిగేవాళ్ళు కానీ ఆయన ఒక్కనాడూ మొహం తిప్పుకోలేదు. మా ఇళ్ళల్లో ఆయన్ని దేవుడిలాగా చూసేవాళ్ళు. నేనూ అంతే.

ఇక చేతిపని. మా పాలెంలో చేతిపని రాని పిల్ల పుట్టనే లేదు. నడక వచ్చిన రెండేళ్ళకే చేతికి జనుము నార ఇస్తారు. నారను తొడ మీద పెట్టి అరచేత్తో ముందుకు దొర్లిస్తే పురి ఎక్కి పోగవుతుంది. ఆ పోగును సగానికి మడిచి, ఈసారి వెనక్కు దొర్లిస్తే రెండు పోగులూ ఒకదాన్నొకటి పట్టుకుని తాడవుతుంది. ఆ తాడుతో వల అల్లుతారు. పోగును ఒంటిగా ఎవరూ వదిలిపెట్టరు. అలా వదిలేస్తే పని సగంలో పారేసినట్టు. నేను చిన్నప్పుడు ఒకసారి ఒంటి పోగు అక్కడ పడేసి ఆటకు పరిగెత్తితే అమ్మ వెనకనుంచి కేకేసింది.

"మేయ్, దానికి గుడ్డ కట్టకుండా బిత్తలగా నిలబెట్టి పోతా ఉండావే! వచ్చి మడిచి పో!"

బడికి వచ్చిన చేతిపని మాత్రం నూలు వడకడం. గవర్నమెంటు పెట్టెలో తకిలీలు వచ్చాయి, ఇనప పుల్లకు ఇత్తడి బిళ్ళ తగిలించినవి. దూది ఏకులు వచ్చాయి. పత్తిచెట్టు ఎట్లా ఉంటుందో మా పాలెంలో ఒక్కరూ చూడలేదు, అయినా మా చదువంతా పత్తిలోంచే పుట్టాలి. లెక్కలంటే చిలపలో, అంటే చుట్టిన నూలు కట్టలో, ఎన్ని చుట్లు. భూగోళమంటే పత్తి పండే నల్లరేగడి. చరిత్ర అంటే మిల్లు బట్ట వచ్చి మగ్గాన్ని ఎట్లా చంపిందో. కిటికీ బయట సముద్రం హోరు పెడుతుంటే, నల్లరేగడి మన్ను తేమను ఎన్నాళ్ళు పట్టి ఉంచుతుందో మేము గట్టిగా చదివేవాళ్ళం. ఆటుపోట్ల మీద ఒక్క పాఠం లేదు. గాలి ఎటునుంచి తిరిగితే మా నాయనలు తిరిగి రారో ఆ సంగతి ఏ పుస్తకంలోనూ లేదు. పిల్లవాడి బతుకులోంచే చదువు పుట్టాలి అని గోడ మీద సున్నంతో రాసి పెట్టారు మళ్ళీ!

అయినా ఆ మాట నిజం కావడం నేను ఒక్కరోజు చూశాను. అప్పుడు ఆరో తరగతిలో ఉన్నాను. తోకకు ముల్లుండే పెద్ద టేకు చేప ఒకటి మా నాయన వలను చించుకుని పోయింది. మళ్ళీ వేటకు పోయే లోపల వల బాగు చెయ్యాలంటే అన్ని చేతులూ కావాలి. పిల్లలందరం బడి ఎగ్గొట్టి ఒడ్డున కూర్చున్నాం. మమ్మల్ని వెతుక్కుంటూ అయ్యవారు వచ్చారు. తిడతారనుకున్నాం. ఆయన చెప్పులు విడిచి మా పక్కన ఇసుకలో కూర్చుని, "ఈ చిరుగులో ఎన్ని కళ్ళు పోయాయి?" అని అడిగారు. వల కళ్ళు మేము ఒక్కొక్కటిగా లెక్కపెట్టం. అడ్డం వరస ఒకటి, నిలువు వరస ఒకటి చూసి చెప్పేస్తాం. అది హెచ్చవేత అని ఆరోజే మాకు తెలిసింది. ఈ వలకు రెండు వేళ్ళ కన్ను ఎందుకు, ఆ వలకు నాలుగు వేళ్ళ కన్ను ఎందుకు అని ఆయన మా అమ్మను అడిగారు.

"సిన్న పిల్లల్ని పట్టుకుంటే వచ్చే ఏడు ఏం తింటాం అయ్యోరా? పోనియ్యాల," అంది అమ్మ.

ఆయన జేబులోంచి పుస్తకం తీసి ఆ మాట రాసుకున్నారు. మా అమ్మ మాటను ఒక చదువుకున్న మనిషి రాసుకోవడం చూసి నేను దగ్గరికి జరిగి ఆ అక్షరాలు చదివాను. సాయంత్రం దాకా అక్కడే పాఠం. గాలుల గురించి, చేపల ఈనిక గురించి, ముడుల గురించి. ఆరోజు నిర్ణయించుకున్నాను, పెద్దయ్యాక నేనూ ఈయనలాగా బడి చెప్పాలని.

తర్వాతి నెల తనిఖీకి వచ్చినాయన అయ్యవారి డైరీలో ఆ పేజీ చూసి ఎర్ర సిరాతో రాశాడు: ఈ బడికి నిర్ణయించిన చేతిపని నూలు, వలలు అల్లించడం కాదు. అయ్యవారు అది చదివి డైరీ మూసేశారు. మళ్ళీ ఆయన నోట వల అనే మాట రాలేదు. ఒడ్డున మా పక్కన కూర్చోవడం కూడా మానేశారు.

ఎనిమిదో తరగతికి పెద్ద పరీక్ష. అది పాసైతే టీచరు ట్రైనింగుకు పోవచ్చు. మా నాయన మొదట ఒప్పుకోలేదు. ఎనిమిదేళ్ళు చదివింది చాలు, అమ్మతో పాటు చేపల గంప ఎత్తుకోమన్నాడు. అమ్మ రెండు రోజులు ఆయనతో మాట్లాడకుండా ఉంటే అప్పుడు దిగివచ్చాడు. "సరే, పాసైతే పో. తప్పితే గంప ఎత్తుకో," అన్నాడు. ఒకటే అవకాశం. లెక్కల్లో, తెలుగులో నాకు భయం లేదు. చేతిపని పరీక్షలో తప్పితే మాత్రం మిగతావి ఎన్ని పాసైనా తప్పినట్టే. అదీ నాకు భయం లేని పరీక్షే. చేతిపనికి భయపడేదెవరు మా పాలెంలో?

ఆ పరీక్ష పెట్టడానికి వచ్చిన పెద్దమనిషి కాలువలో పడవ దిగి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని ఇసుకలో నడిచి వచ్చాడు. తలా ఇన్ని ఏకులు ఇచ్చాడు. అరగంటలో చెప్పినంత పొడవు నూలు వడకాలి. సముద్రం గాలికి ఏకులు చెమ్మగిల్లి ఉన్నాయి. అందరి పోగులూ తెగుతున్నాయి. నా పోగు తెగలేదు. తకిలీని వేళ్ళతో తిప్పకుండా తొడ మీద దొర్లించాను, మా ఇంటి పురి ఎక్కించాను. అందరికంటే ముందు అయిపోయింది. ఇంకా పది నిమిషాలు ఉంది.

ఆ పది నిమిషాలే నా కొంప ముంచాయి. వడికిన పోగు ఒళ్ళో ఒంటిగా పడి ఉంది. దాన్ని చూస్తుంటే పని సగంలో ఆపినట్టు చేతులు దురద పెట్టాయి. ఆలోచించి చేసింది కాదు. పోగును సగానికి మడిచాను, వెనక్కు దొర్లించాను. సన్నటి తాడు తయారైంది, చూడముచ్చటగా వచ్చింది. తల ఎత్తితే అయ్యవారు నన్నే చూస్తున్నారు. నేను ఏం చేస్తున్నానో ఆయనకు మొదటి మడతలోనే తెలిసిపోయింది. పరీక్షలో మాట్లాడకూడదు, సరే. ఒక్క దగ్గు దగ్గితే నేను ఆగిపోయేదాన్ని. ఆయన తల దించుకున్నారు.

పరీక్ష పెట్టిన పెద్దమనిషి నా తాడును ఎత్తి పట్టుకున్నాడు.

"ఇదేమిటి?"

"నూలండి."

"నూలా? మొలతాడు! ఉండాల్సిన పొడవులో సగం కూడా లేదు."

రెండు చేతులకూ చుట్టుకుని తెంపబోయాడు. తెగలేదు. మళ్ళీ లాగాడు. వేలి మీద ఎర్రగా గీత పడింది కానీ తాడు తెగలేదు. పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆయన కాగితం మీద నా నంబరు ఎదురుగా సున్నా చుట్టాడు. అయ్యవారు ఆయన పక్కనే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. ఇది వలతాడు అండీ, వీళ్ళ ఇళ్ళల్లో పోగును ఇట్లాగే ముగిస్తారండీ, అని చెప్పగలిగిన మనిషి ఆ గదిలో ఆయన ఒక్కరే. చెప్పలేదు.

నేను ఏడుస్తూ ఇంటికి పోయి చెప్పాను. అమ్మ గంప కింద పడేసి కాలువ రేవుకు నడిచింది. వెనకే నేను. పెద్దమనిషి పడవ ఎక్కబోతున్నాడు. చేతిలో కాగితాలు, ఇంకో చేతిలో నా తాడు. అందరి నూలూ సంచిలో వేశాడు, నాది ఎందుకో చేతిలోనే పట్టుకున్నాడు.

"సామీ, అది తెంపేసి పడవ ఎక్కండి," అంది అమ్మ.

"గట్టిదే తల్లీ. అదే తప్పు. బట్ట నేసేదానికి నూలు మెత్తగా ఉండాలి, ఒంటి పోగు ఉండాలి."

"మా ఇండ్లల్లో మగ్గం యాడుండాది సామీ? వల ఉండాది. ఈ తాడు తెగితే నా మొగుడు వట్టి చేతుల్తో వస్తాడు. గట్టిది తప్పని మీకు ఏ బడిలో చెప్పినారు?"

"పుస్తకంలో వల లేదమ్మా," అన్నాడాయన. కసిరి చెప్పలేదు, జాలిగానే చెప్పాడు. ఆ జాలి చూస్తే నాకు ఇంకా ఒళ్ళు మండింది.

అప్పుడే గాలి విసురుగా కొట్టింది. మార్కుల కాగితాలు కట్టిన దారం పుటుక్కున తెగి, రెండు కాగితాలు నీళ్ళల్లో పడ్డాయి. పడవవాడు తెడ్డుతో తీసి ఇచ్చాడు. పెద్దమనిషి కంగారుగా కాగితాలన్నీ పోగుచేసి, చేతిలో ఉన్న నా తాడుతో బిగించి కట్టుకున్నాడు. తను ఏం చేస్తున్నాడో ఆయన గమనించుకోలేదు. మేం గమనించాం. నా సున్నాను నా తాడుతోనే కట్టుకుని ఆయన అల్లూరు పోయి బస్సెక్కాడు.

ఆ సాయంత్రం అయ్యవారు మా ఇంటికి వచ్చారు. నేను ఎదురుగా నిలబడి అడిగాను, "మీరెందుకు చెప్పలేదు?" అని. అప్పటిదాకా ఆయన్ను అట్లా ఎవరూ అడిగి ఉండరు.

"చెప్తే బడి పోతుందమ్మా. ఇప్పటికే ఒకసారి రాశారు. నీ ఒక్కదాని కోసం ఇంతమంది పిల్లల బడి మూతపడితే?"

ఆ జవాబులో న్యాయం లేదని నేను అనను. ఇప్పుడు నాకూ ఉద్యోగమంటే తెలుసు, పైవాళ్ళ ఎర్ర సిరా అంటే తెలుసు. కానీ రోజూ పొద్దున్నే నిలబెట్టి, సత్యం చెప్పడానికి భయపడకూడదని మా చేత చెప్పించిన మనిషి ఆయన. పన్నెండేళ్ళు నిండీ నిండని పిల్లలు భయపడకూడదట, ఆయన భయపడొచ్చునట! నేను ఆయన్ను క్షమించలేదు.

నాయన గంప సిద్ధం చేశాడు. అయ్యవారే ఆయన్ను బతిమాలారు. ఇంకొక్క ఏడాది ఇవ్వండి, నేనే దగ్గరుండి పాస్ చేయిస్తాను అని. నాయన అమ్మ వైపు చూశాడు. అమ్మ తల ఊపింది. అప్పుడు అయ్యవారు ఒక షరతు పెట్టారు.

"ఈ ఏడాదంతా పిల్ల ఇంట్లో నార ముట్టుకోకూడదు. ఆ పురి అలవాటు పోతేగానీ మెత్తటి నూలు రాదు."

ఇంటి పనికీ బడి చదువుకూ మధ్య గోడ పగలగొడతామని వచ్చిన బడి అది. బడిలో పాస్ కావాలంటే ఇంట్లో పని ముట్టుకోవద్దు అన్నది. బెత్తం పట్టుకున్న పాత పంతులు కూడా మా అమ్మ పనిని మా చేతుల్లోంచి లాక్కోలేదు. ఆయన దెబ్బలు కొట్టి ఇంటికి పంపేవాడు, ఇంటికి వచ్చి మేము మళ్ళీ మా మనుషులమయ్యేవాళ్ళం.

"ముట్టుకోదులే అయ్యోరా," అంది అమ్మ.

నా వంతు పని కూడా ఆ ఏడాది అమ్మే చేసింది. గంప దించి వచ్చి నార ముందేసుకుని కూర్చునేది. తొడ మీద చర్మం లేచిపోయి పుండు పడింది. ఉప్పునీళ్ళు తగిలితే పళ్ళు బిగబట్టేది. నేను లేచి పక్కన కూర్చోబోతే చేత్తో తోసేసేది. "పో, నీ దూది నువ్వు వడుక్కో," అనేది. నేను మూలన కూర్చుని తకిలీ తిప్పేదాన్ని. వేళ్ళతోనే, తొడ మీద కాదు. పోగు ఒంటిగా ఉండగానే ఆపేదాన్ని. మొదట్లో మడవబోయి చెయ్యి వెనక్కు తీసుకునేదాన్ని. నాలుగు నెలలకు మడవాలనిపించడం మానేసింది. అయ్యవారు నా నూలు చూసి, "ఇప్పుడు దారికొచ్చావు," అన్నారు. ఆ ఏడు పాసయ్యాను. చేతిపనిలో మంచి మార్కులు. పాలెమంతా పండగ చేసుకుంది. నేనూ నవ్వాను, ఎందుకు నవ్వకూడదు?

తర్వాత కొన్నేళ్ళకు నైలాను వలలు వచ్చాయి, నార పని ఎలాగూ పోయేదే కదా అని నాతో అన్నవాళ్ళున్నారు. నైలాను వచ్చినప్పుడు మా అమ్మ నారను తనంతట తను పక్కన పెట్టింది. నా చేతుల్లోంచి దాన్ని తీసేసింది నైలాను కాదు.

ట్రైనింగు స్కూలులో చేరాను. ఏ ఊళ్ళోదో చెప్పను. అరవైల్లో అడుగుపెట్టాం, సిలబస్ మారింది. రెండో ఏడాది బేసిక్ విద్య సిద్ధాంతం చెప్పడానికి కొత్తగా ఒకాయన వచ్చారు. చదువుకున్న మనిషి, చల్లని మనిషి. మొదటి పాఠంలోనే బల్ల మీద గుద్ది చెప్పారు.

"చేతిపని పైనుంచి దిగకూడదు. పిల్లవాడి ఇంట్లోంచి రావాలి. కుమ్మరి ఊళ్ళో మట్టి, మేదరి ఊళ్ళో వెదురు, చేపల ఊళ్ళో వల. అన్నిచోట్లా నూలు రుద్దడం మనం చేసిన పెద్ద పొరపాటు!"

ఆయన రిజిస్టరు చూసి నన్ను లేపారు.

"నువ్వు సముద్రం ఒడ్డునుంచి వచ్చావు కదమ్మా. రా. మీ ఇంటి పని వీళ్ళకు చూపించు."

ఆయన ముందే తెప్పించి పెట్టారు, బల్ల మీద జనుము నార ఉంది. ఎంత బాగా ఆలోచించారో చూడండి! నలభై మంది ఎదురుగా నేల మీద కూర్చుని, చీర మీదే నార పెట్టుకుని ముందుకు దొర్లించాను. పోగు వచ్చింది. మెత్తగా, సమంగా, మార్కులు పడే పోగు. మడిచాను. వెనక్కు దొర్లించాను. పురి విడిపోయి నార నారగా ఒళ్ళో రాలిపోయింది. మళ్ళీ చేశాను. మళ్ళీ రాలింది. చెయ్యి ఎక్కడ గట్టిగా నొక్కాలో అక్కడ నొక్కడం లేదు. నేను నొక్కుతున్నాననే అనుకుంటున్నాను, అది నొక్కడం లేదు. మూడోసారి ఒంటి పోగు దగ్గరే చెయ్యి దానంతటదే ఆగిపోయింది.

ఆయన దగ్గరికి వచ్చి, "పర్వాలేదమ్మా. చిన్నప్పుడే చదువులో పడ్డావు, ఇంటి పని రాకపోవడం మామూలే. కూర్చో," అన్నారు.

"రాకపోవడం కాదండి," అన్నాను లేచి నిలబడి. "వచ్చేది. సున్నా వేసి మాన్పించారు."

"ఎవరమ్మా?"

"మీరే."

ఆయనకు అర్థం కాలేదు. మళ్ళీ కూర్చోమన్నారు. గంట కొట్టేదాకా నేను నిలబడే ఉన్నాను.